చురుకుదనమా, తొందరపాటా? – ఒక మాట పుట్టుపూర్వోత్తరాలు



క్రిందటి శీతకాలంలో ఢిల్లీ ఆంధ్ర భవన్ భోజనశాలలో ప్రకాశం జిల్లా నుండి వచ్చిన ఒక పెద్దాయన నా ప్రక్కన కూర్చున్నారు. కుమారుడు గురుగ్రామ్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగి. తండ్రికి ఢిల్లీ చూపించి, భోజనానికి తీసుకొని వచ్చాడు. మాటల మధ్య నేను బ్యాంకులో పనిచేస్తున్నానని తెలిసి పెద్దాయన అడిగారు: "అయ్యా, ఈ ఎజైల్ అంటే ఏమిటండీ? మావాడు ఫోనులో రోజుకు పదిసార్లు ఆ మాటే అంటాడు. అదేమన్నా జబ్బా?"

కుమారుడు నవ్వి వివరించాడు. పెద్ద పనిని రెండేసి వారాల చిన్న పనులుగా విడగొట్టుకోవటం, ఒక్కొక్కటి కాగానే దానిని వాడేవారికి చూపించటం, వారి అభిప్రాయాన్నిబట్టి తరువాతి పని మార్చుకోవటం – ఇదే ఎజైల్ పద్ధతి అన్నాడు. పెద్దాయన కొంచెంసేపు ఆలోచించి, "అంటే వాన చూసి విత్తనం మార్చుకున్నట్లేనా?" అన్నారు. అంతే నాన్నా అన్నాడు కొడుకు. "దీనికి జీతం కూడా ఇస్తారా!" అని ఆయన ఆశ్చర్యపడ్డారు.

ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. చురుకుదనం అని మనం స్థూలంగా చెప్పుకొనే ఈ గుణానికి సేద్యంతోనూ, ఋణంతోనూ ఉన్న సంబంధం మనం అనుకొనేదానికంటె దగ్గరిది. అది మీ ముందుంచటమే ఈ వ్యాసం ఉద్దేశం.

సాఫ్ట్‌వేర్‌వారు ఈ మాటను ఎన్నుకొన్నది 2001 ఫిబ్రవరిలో. అమెరికాలోని యూటా రాష్ట్రంలో స్నోబర్డ్ అనే మంచుకొండల విడిదిలో 17 మంది నిపుణులు సమావేశమై ఒక ప్రకటన వ్రాసుకొన్నారు. అంతకుముందు వారి పద్ధతులను "తేలికపాటి పద్ధతులు" అనేవారు. తేలిక అంటే చులకన అనే అర్థం కూడా వస్తుంది గదా, ఆ పేరు వారికి రుచించలేదు. అందుచేత ఎజైల్ అనే మాటను ఎన్నుకొన్నారు. ఆ మాట మాత్రం వారికంటె రెండువేల యేండ్లు పెద్దది.

లాటిన్ భాషలో "అగెరె" అనే క్రియ ఉన్నది. తోలుట, నడుపుట, చేయుట అని దాని అర్థం. దాని నుండే "అగిలిస్" వచ్చింది: సులభంగా కదలగలది అని. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి చేరి ఎజైల్, ఎజిలిటీ అయినది. మనకు సన్నిహితమైన సంగతి ఏమిటంటే, ఆ లాటిన్ క్రియకు సంస్కృతంలోని "అజ్" ధాతువు తోబుట్టువు. దానికీ తోలుట అనే అర్థం. ఎద్దును అదిలించే ముల్లుకర్రకు సంస్కృతంలో "ప్రాజనం" అని పేరు. అదీ ఈ ధాతువు బిడ్డే. ఇక సంస్కృతంలో "అజ్రం", లాటిన్‌లో "అగెర్", గ్రీకులో "అగ్రోస్" – మూడింటికీ పొలం లేక మైదానం అని అర్థం. ఇవన్నీ ఒకే మూలానివి. పశువులను తోలుకొనిపోయే చోటు గనుక పొలానికి ఆ పేరు వచ్చినదని పండితులు సాధారణంగా చెప్పే మాట. ఇంగ్లీషులో వ్యవసాయాన్ని అగ్రికల్చర్ అనటం దానినుండే. ఆ కుటుంబానికే చెందిన పాత ఇంగ్లీషు మాట ఎకర్. ఒక కాడి ఎద్దులు ఒక దినంలో దున్నగల నేల అని వారి పాత లెక్క. అదే మన నోట ఎకరమైనది.

కనుక, 4,840 గజాల ఎకరాన్ని మీరు లెక్కవేసిన ప్రతిసారీ, తెలియకుండానే చురుకుదనానికి చుట్టమైన మాటనే పలుకుతున్నారు. ఏజెంటు అనే మాట కూడా ఈ ఇంటిదే: పనిని నడిపేవాడు అని. ఒకప్పుడు ఇంపీరియల్ బ్యాంకులోనూ, దాని తరువాత స్టేట్ బ్యాంకులోనూ శాఖాధికారిని ఏజెంటు అనేవారు. మన పెద్దలలో కొందరు "బ్యాంకు ఏజెంటుగారు" అనటం నేనూ విన్నాను. ఆ హోదా పేరు మారిపోయింది. పేరుతోపాటు తోలే పని కూడా కొంత మరచిపోయామేమోనని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇక మన భాషలోకి వద్దాం. చురుకు అనేది వేడికీ వాడికీ సంబంధించిన మాట. ఎండ చురుక్కుమంటుంది, చీమ చురుక్కున కుడుతుంది, వాత పెట్టటాన్ని చురక వేయటం అంటాం. ఆ చుఱుకు తగిలినవాడు వెంటనే కదులుతాడు గనుక అదే మాట చలనానికీ పనికివచ్చింది. లాఘవం అనేది "లఘు" నుండి వచ్చినది, అంటే బరువు లేకపోవటం. చాకచక్యం సంస్కృతంలో తళతళలాడటం. మనం దానిని నేర్పుకు వాడుకొంటున్నాం. చలాకీ పారశీకం నుండి వచ్చింది. ఇక్కడ ఢిల్లీలో మనవారు జాగ్రత్తగా ఉండవలసిన మాట అది. చలాకీ మనిషి అంటే మనకు మెచ్చుకోలు. హిందీలో చాలాక్ అంటే జిత్తులమారి! ఆజాద్‌పుర్ మండీలో మన బంగినపల్లి మామిడిని "సఫేదా" పేరుతో అమ్ముతారు. ఆ పండ్ల లోడుతో వచ్చిన ఒక తెలుగు వ్యాపారి అక్కడి కమీషన్ వ్యాపారిని మెచ్చుకోబోయి "మీరు చాలా చాలాక్" అన్నాడట. ఆనాటి బేరం ఎలా ముగిసిందో మీరే ఊహించుకొనవచ్చును. ఇక చురుకుదనానికి హిందీవారి మాట ఫుర్తీ. అది మన స్ఫూర్తికి సోదరి. మనకేమో స్ఫూర్తి అంటే మనసుకు కలిగే ప్రేరణ.

అయితే ఈ మాటలన్నిటికంటె రైతుకు దగ్గరి మాట నిఘంటువులో చురుకుదనం క్రింద కనిపించదు. అది "అదను". అదునూ పదునూ అని జంటగా అంటాం. అదను కాలానికి చెందినది, పదను నేలకు చెందినది. రెండూ కలసిన ఆ నాలుగు దినాలలో కదలగలగటమే సేద్యంలో చురుకుదనం. ముందు కదిలితే దుడుకు, తరువాత కదిలితే సోమరితనం. ఇందులో వేగంకంటె వేళ ముఖ్యం.

ఈ సంగతి నాకు పుస్తకాలవల్ల తెలియలేదు. నేను అనంతపురం జిల్లాలో ఒక శాఖలో క్షేత్రాధికారిగా ఉన్నప్పుడు జరిగిన విషయం ఇది. వేరుశనగ విత్తే రోజులు. జూలై రెండవ వారంలో ఒక రాత్రి మంచి వాన పడింది. ఎర్ర నేల, తేమ మూడు నాలుగు రోజులకు మించి నిలువదు. మరునాటి ఉదయం ఒక రైతు శాఖ తలుపులు తీయకముందే వచ్చి నిలుచున్నాడు. దరఖాస్తు నా బల్లమీద అంతకు వారం ముందునుండీ ఉన్నది. అడంగల్ నకలులో ఒక సర్వే నెంబరు క్రింద ఉపవిభాగం అంకె స్పష్టంగా లేదు. ఇతర బ్యాంకులలో బాకీ లేదన్న పత్రం ఒకటి రావలసి ఉన్నది. నేను నిబంధన ప్రకారం రెండూ తెమ్మన్నాను. అతడు వాదించలేదు, నమస్కారం పెట్టి వెళ్ళాడు.

పత్రాలు తొమ్మిది దినాలకు వచ్చాయి. ఆ మధ్యాహ్నమే ఋణం మంజూరు చేసి, త్వరగా పని ముగించానని సంతోషించాను కూడా! అతడేమో వాన పడిన మూడవ రోజుననే డీలరు దగ్గర విత్తనకాయలు అరువుకు తీసుకొని విత్తేశాడు. పంట వచ్చాక ఆ డీలరుకే అమ్మాలి, ధర డీలరు చెప్పినదే. నా డబ్బు విత్తనానికి కాక, అరువు తీర్చటానికి పోయింది. కాగితాల మీద అది పంట ఋణమే. నా లెక్కలలో ఏ తప్పూ లేదు, తనిఖీలో ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. ఆ వెలితి నాకు మాత్రమే తెలుసు.

కొన్నేండ్ల తరువాత పతంజలి మహాభాష్యంలోని ఒక కథ విన్నప్పుడు ఆ రైతు ముఖం గుర్తుకు వచ్చింది. క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దికి చెందిన ఆ గ్రంథంలో, పైన చెప్పిన "అజ్" ధాతువును గురించిన చర్చలో, ఒక వ్యాకరణ పండితునికీ ఒక రథసారథికీ సంవాదం వస్తుంది. ఈ రథానికి ప్రవేత ఎవరని పండితుడు అడుగుతాడు. పాణిని సూత్రం ప్రకారం అక్కడ ధాతువు రూపం మారుతుంది గనుక "ప్రవేత" అనాలని అతని లెక్క. నేనేనయ్యా, ఈ రథానికి ప్రాజితను అంటాడు సారథి. పండితుడు అది తప్పు మాట అంటాడు. సారథి తడుముకోకుండా, నీకు సూత్రం వల్ల ఏమి వస్తుందో తెలుసును గాని వాడుకలో ఏది చెల్లుతుందో తెలియదని బదులిస్తాడు. రథం తోలేది సారథి గదా! ఆ జూలైలో నేను సూత్రం తెలిసిన పండితుణ్ణి. తోలేవాడు బల్లకు అవతల నిలుచున్నాడు.

నిబంధనలు అక్కరలేదని నేను అనటం లేదు. ఇతరుల డిపాజిట్లను అప్పుగా ఇచ్చే సంస్థకు అవి తప్పవు. నేను చేయవలసిన పని వేరు. ఆ దరఖాస్తు వచ్చిన రోజుననే చదివి ఉంటే, వాన పడకముందే ఆ రెండు లోపాలూ చెప్పగలిగేవాణ్ణి. వ్యాకరణవేత్తలు అరమాత్ర తగ్గితే పుత్రోత్సవమంత సంబరపడతారని ఒక నానుడి. ఋణ దరఖాస్తులో ఒక పుట తగ్గితే మా కార్యాలయాలలో అంత సంబరం ఎన్నడూ చూడలేదు.

ఇక చురుకుదనం ఎలా ఉంటుందో చూపే ఉదాహరణ ఒకటి ఢిల్లీకీ మన రాయలసీమకూ మధ్యనే ఉన్నది. 2020 మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ విధించారు. ప్రయాణికుల రైళ్ళు అంతకుముందే ఆగిపోయాయి. రేణిగుంట నుండి ఢిల్లీకి వెళ్ళే పాల ట్యాంకర్లను అంతవరకు ప్రయాణికుల రైళ్ళకు తగిలించి పంపేవారు. రైలు లేకపోతే పాలు కదలవు. పాలు కదలకపోతే మరునాటి ఉదయం చిత్తూరు పల్లెలలో పితికిన పాలు కొనేవారుండరు. మార్చి 26ననే దక్షిణ మధ్య రైల్వే పాలకోసమే ప్రత్యేకంగా ఒక రైలును నడిపింది. దానికే తరువాత దూధ్ దురంతో అని పేరు వచ్చింది. ఒక్కొక్క ట్యాంకరుకు 40,000 లీటర్లు. ఆరు ట్యాంకర్ల రైలుకు 2,40,000 లీటర్లు. సుమారు 2,300 కిలోమీటర్ల దూరం, రేణిగుంట నుండి హజరత్ నిజాముద్దీన్ వరకు దాదాపు ఒకటిన్నర రోజులో చేరింది. మొదట అవసరాన్నిబట్టి నడిపి, ఆ యేడు జూలై మధ్యనుండి ప్రతిదినమూ నడిపారు.

ఒక్క దినంలో ఇంతపని ఎలా సాధ్యమైనది? పాల శీతలీకరణ కేంద్రాలు, ట్యాంకర్లు, నాణ్యత పరీక్షలు, ఢిల్లీలో కొనేవారితో ఒప్పందాలు – ఇవన్నీ ఎన్నో యేండ్లుగా సిద్ధంగా ఉన్నాయి. మార్చి 26న చేయవలసినది ఒక్కటే: వేరే బండికి తగిలించే ట్యాంకర్లకు సొంత బండి ఏర్పాటు చేయటం. మిగిలిన పని అంతకు ముందే జరిగిపోయింది. పాడి గేదె కోసం అప్పు తీసుకొని, పూటకు రెండు లీటర్లు కేంద్రానికి పోసిన మహిళ కూడా ఆ సిద్ధతలో భాగమే.

దీనికి ఎదురు ఉదాహరణ కూడా ఢిల్లీ చుట్టుప్రక్కలనే ఉన్నది. జాతీయ రాజధాని ప్రాంతంలో చేరిన కర్నాల్, పానిపట్, సోనీపత్ జిల్లాలలో వరి కోసిన నేలలోనే గోధుమ విత్తుతారు. భూగర్భ జలాలను కాపాడటానికి హర్యానా, పంజాబ్ రాష్ట్రాలు 2009లో చేసిన చట్టాలవల్ల వరి నాట్లు జూన్ నెలకు వెనుకబడ్డాయి. హర్యానాలో జూన్ 15కు ముందు నాట్లు వేయరాదు. ఆ చట్టాల ఉద్దేశం మంచిది. కాని కోత కూడా వెనుకకు జరిగి, వరి కోతకూ గోధుమ విత్తుకూ మధ్య రెండు మూడు వారాలే మిగిలాయి. నవంబరు దాటితే గోధుమ దిగుబడి తగ్గుతుంది. యంత్రంతో కోసిన పొలంలో మోకాటి ఎత్తు కొయ్యకాళ్ళు, గడ్డి. కూలీలు దొరకరు, గడువు దాటుతున్నది. అగ్గిపుల్ల రెండు రూపాయల పెట్టెలో దొరుకుతుంది. ఢిల్లీ ఆకాశం మీద ప్రతి యేడూ అక్టోబరు, నవంబరులలో కమ్మే పొగలో ఈ మంటలది ఒక భాగం. వాహనాలు, కర్మాగారాలు, దుమ్ము పాత్ర వేరే ఉన్నది. నిందంతా రైతుపై మోపటం న్యాయం కాదు.

గడ్డిని తగులబెట్టకుండానే గోధుమ విత్తగల హ్యాపీ సీడర్ వంటి యంత్రాలు ఉన్నాయి. 2018లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన పథకంలో వ్యక్తిగత రైతుకు యంత్రం ధరలో 50 శాతం, అద్దె కేంద్రాలకు 80 శాతం రాయితీ ఏర్పాటైనది. మిగిలిన సొమ్ముకే బ్యాంకు ఋణం కావాలి. ఆ ఋణం డిసెంబరులో మంజూరైతే దానిని ఏమనాలి? మంట ఆరిపోయిన తరువాత వచ్చిన నీళ్ళబండి. ఏ జిల్లాలో ఏ యంత్రం ఏ నెలలో కావాలో ఆగస్టులోనే శాఖకు తెలుసును. ఆగస్టులో దరఖాస్తులు తీసుకొని సెప్టెంబరులో ముగించటానికి ఏ కొత్త చట్టమూ అక్కరలేదు.

తొందరను చురుకుదనమని అమ్మే వ్యాపారం ఈ మధ్య మరొకటి బయలుదేరింది. అయిదు నిమిషాలలో అప్పు అంటూ చరవాణిలో కనిపించే యాప్‌లు. భారతీయ రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం, అప్పు సొమ్ము నేరుగా ఋణగ్రహీత ఖాతాలోకే రావాలి. మొత్తం ఖర్చు ఎంతో తెలిపే పత్రం ముందుగా ఇవ్వాలి. మనసు మార్చుకొంటే నిర్ణీత కాలంలో అసలు, ఆ దినాల వడ్డీ కట్టి, జరిమానా లేకుండా తప్పుకొనే అవకాశం ఉండాలి. మీ ఫోనులోని చుట్టాల నెంబర్లను చూడటానికి వీలులేదు. ఈ నాలుగింటిలో ఒక్కటి లోపించినా ఆ అప్పు వైపు పోకండి. అక్కడ వేగం ఇచ్చేటప్పుడే. వసూలు చేసేటప్పుడు దానికి మరొక పేరు పెట్టవలసి వస్తుంది.

రైతు సోదరులు తమవైపునుండి చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. కిసాన్ క్రెడిట్ కార్డు వచ్చినది 1998లో. ప్రతి పంటకూ క్రొత్తగా దరఖాస్తు పెట్టవలసిన అవసరం లేకుండా, పరిమితిలోపల అదనుకు సొమ్ము తీసుకోవచ్చునన్నదే దాని అసలు ప్రయోజనం. కాని సాలు సాలుకు పునరుద్ధరణ జరిగితేనే ఆ ప్రయోజనం. వాయిదా తేదీ దాటటం ఎంత ఖరీదైనదో లెక్క చూడండి. లక్ష రూపాయల పంట ఋణానికి 7 శాతం చొప్పున సాలుకు 7,000 రూపాయల వడ్డీ. సకాలంలో కడితే వచ్చే 3 శాతం ప్రోత్సాహం వల్ల అది 4,000 అవుతుంది. ఒక్క దినం ఆలస్యానికి 3,000 రూపాయలు! ఆ ఒక్కరోజుకోసం వడ్డీ వ్యాపారి దగ్గర చేబదులు తెచ్చి కట్టి, మరునాడు తీసి అతనికి ఇచ్చేవారూ ఉన్నారు. అది చాకచక్యమే గాని, ఆ వ్యాపారి ఒక్కరోజుకు తీసుకొనేది ఎంతో అడిగి చూడండి.

పంట మార్చినప్పుడు కూడా శాఖకు చెప్పటం మరువకండి. వేరుశనగ విత్తుదామనుకొని, వాన ఆలస్యమై కొర్రకో ఉలవకో మారటం తెలివైన పని. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధనా సంస్థ జిల్లాలవారీగా ఇటువంటి ప్రత్యామ్నాయ ప్రణాళికలను తయారుచేసింది. కాని బ్యాంకు పుస్తకంలో వేరుశనగ, పొలంలో ఉలవ ఉంటే పంటల బీమా పరిహారం దగ్గర చిక్కు వస్తుంది. గడువులోగా ఒక కాగితం ముక్క వ్రాసి ఇచ్చి, దానికి రసీదు తీసుకోండి.

డీలర్లకు ఒక మనవి. పైన చెప్పిన నా కథలో విత్తనం సకాలంలో ఇచ్చినది డీలరే. మేము చేయని పని ఆయన చేశాడు, కాదనను. అరువు ఇచ్చేటప్పుడు ధర ఎంత, వడ్డీ ఎంత, పంట అమ్మకంపై షరతు ఏమిటి అనే మూడు అంకెలూ మాటలూ బిల్లుమీదనే వ్రాసి ఇస్తే రైతుకు తన దారి తాను ఎంచుకొనే వీలుంటుంది. సీజన్‌కు ముందే మీ ఖాతాదారుల జాబితాను శాఖాధికారితో సరిచూసుకొంటే, ఎవరి పరిమితి పునరుద్ధరణ కాలేదో మే నెలలోనే తెలుస్తుంది. నగదు కొనుగోలుదారులు పెరిగితే మీకూ బాకీల బెడద తగ్గుతుంది.

ఆంధ్ర భవన్‌లో మజ్జిగ దాకా వచ్చిన తరువాత పెద్దాయన మళ్ళీ నావైపు తిరిగారు. తన కార్డు గడువు జూన్‌లో ముగుస్తుందట. "రోహిణి కార్తెకు ముందే పోయి కాగితాలిస్తే తీసుకొంటారాండీ, లేక సీజన్‌లో రమ్మంటారా?" తప్పక తీసుకొంటారని చెప్పాను. కావలసిన పత్రాల పేర్లు చేతిరుమాలు కాగితం మీద వ్రాసి ఇచ్చాను. కొడుకు దానిని ఫోనుతో ఫోటో తీసుకొన్నాడు. ఆయన మాత్రం కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చొక్కా లోపలి జేబులో దాచుకొన్నారు.